1,728 బొమ్మలు, ఒక పాట: రెండరైన ఫ్రేములను శబ్దంతో వీడియోగా కూర్చడం

మా నాయనమ్మ పాడిన బతుకమ్మ పాటకు నేను 72 సెకన్ల యానిమేషన్ చేశాను. నడుమ తంగేడు, గునుగు, బంతి పేర్చిన బతుకమ్మ, చుట్టూ వంగి లేస్తూ చప్పట్లు కొట్టే తొమ్మిదిమంది ఆడవాళ్లు, వెనక వేయిస్తంభాల గుడి. ఎంగిలిపూల నాడు ఆ గుడి దగ్గర ఎంత జనం ఉంటారో హనుమకొండ వాళ్లకు చెప్పక్కర్లేదు. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలన్నీ రెండరై, అంటే కంప్యూటర్ ఒక్కోదాన్నీ గీసి పూర్తిచేసి, ఒక ఫోల్డర్‌లో పీఎన్‌జీ ఫైళ్లుగా చేరాయి. వాటికి పాట కలిపి ఫోన్లో ఆడే వీడియోగా మార్చడం ఒక సాయంత్రం పని అనుకున్నాను. నాలుగు రోజులు పట్టింది. ఎక్కడెక్కడ తప్పిందో, ఎలా సరిచేశానో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇది చదివాక మీకు నిజంగా ఒక సాయంత్రమే పట్టాలని నా కోరిక.

ముందుగా ఒక ప్రశ్న తీర్చేద్దాం. బ్లెండర్ నేరుగా వీడియో ఫైలే ఇస్తుంది కదా, మధ్యలో ఈ బొమ్మలెందుకు? నా కంప్యూటర్‌లో ఒక్కో ఫ్రేము, అంటే వీడియోలోని ఒక్కో బొమ్మ, రెండర్ కావడానికి దాదాపు 40 సెకన్లు పడుతుంది. 1,728 ఫ్రేములంటే 19 గంటల పైమాటే. కాజీపేటలో మా ఇంట్లో ఇన్వర్టర్ ఫ్యానుకూ లైటుకూ సరిపోతుంది, కంప్యూటర్‌కు సరిపోదు. మామూలు ఎంపీ4 ఫైల్లో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే పట్టిక చివర్లో రాయబడుతుంది. మధ్యలో కరెంటు పోతే ఆ పట్టిక ఉండదు, ఫైలు తెరుచుకోదు, అప్పటిదాకా చేసినదంతా పోతుంది. విడి బొమ్మలైతే పోయేది ఆ ఒక్క ఫ్రేమే. ఇంకో లాభం కూడా ఉంది. పాట గొంతు తగ్గించాలన్నా పెంచాలన్నా మళ్లీ 19 గంటలు కూర్చోనక్కర్లేదు, కూర్పు మాత్రం మళ్లీ చేస్తే చాలు. నా కంప్యూటర్‌లో ఆ కూర్పుకు రెండు మూడు నిమిషాలే.

లెక్క పెట్టండి

వీడియో జోలికి వెళ్లే ముందు ఫోల్డర్ తెరిచి ఫైళ్లు ఎన్ని ఉన్నాయో చూడండి. ఇది నేను చేయలేదు, అందుకే నాలుగు రోజులు పట్టింది. 72 సెకన్లు, సెకనుకు 24 ఫ్రేములు. గుణిస్తే 1,728. నా ఫోల్డర్‌లో ఉన్నవి 1,717. రాత్రి 612వ ఫ్రేము అయ్యాక కరెంటు పోయింది. పొద్దున లేచి 613 నుంచి మొదలుపెట్టాల్సింది, తొందరలో 624 అని కొట్టాను. నడుమ 11 ఫ్రేములు లేవు. కళ్లకు అది కనిపించదు. వేల ఫైళ్ల వరసలో 612 పక్కన 624 ఉంటే ఎవరు పట్టుకుంటారు? అంకె మాత్రం పట్టిస్తుంది.

తర్వాత ఫైళ్లను సైజు ప్రకారం వరస పెట్టండి. కరెంటు పోయిన క్షణాన రాస్తున్న ఫైలు సున్నా కేబీతోనో, మిగతావాటికంటే చాలా చిన్నగానో మిగిలిపోతుంది. దాన్ని తెరిచి చూస్తే కింద సగం నల్లగా ఉండొచ్చు, అసలు తెరుచుకోకపోవచ్చు. అలాంటివి కనిపిస్తే తీసేయండి.

లేని ఫ్రేములను నింపడానికి ఒక సులువైన దారి ఉంది. అసలు బ్లెండర్ ఫైల్లో అవుట్‌పుట్ ప్రాపర్టీస్‌లో ఓవర్‌రైట్ అన్న టిక్ తీసేసి, మళ్లీ 1 నుంచి 1728 దాకా రెండర్ యానిమేషన్ నొక్కండి. ఉన్న ఫ్రేములను ముట్టుకోకుండా లేనివి మాత్రమే చేస్తుంది. పాడైన ఫైలు కూడా దాని దృష్టిలో ఉన్న ఫైలే కాబట్టి, వాటిని ముందే తీసేయాలి అన్నది అందుకే.

ఫైళ్ల పేర్లలో అంకెల ముందు సున్నాలు ఉండటం కూడా ముఖ్యం. 0001, 0002 అని ఉంటే ఏ ప్రోగ్రామైనా వరస తప్పదు. 1, 2, 3 అని ఉంటే కొన్ని ప్రోగ్రాములు 1 తర్వాత 10, ఆ తర్వాత 100 తీసుకుంటాయి. బ్లెండర్ మామూలుగా నాలుగంకెలు తనే పెడుతుంది. వేరే సాఫ్ట్‌వేర్ నుంచి తెచ్చుకున్నవాళ్లు ఒకసారి చూసుకోండి.

పాటను సిద్ధం చేయడం

నాయనమ్మ పాటను ఫోన్లోనే రికార్డు చేశాను. మొదటిసారి సాయంత్రం మేడ మీద తీస్తే సరిగ్గా 41వ సెకను దగ్గర రైలు కూత పడింది. కాజీపేట జంక్షన్ పక్కన ఉన్నవాళ్లకు ఇది తప్పదు. రెండోసారి మధ్యాహ్నం లోపలి గదిలో, ఫ్యాన్ ఆపి, కిటికీలకు దుప్పట్లు కట్టి తీశాను. ఫోన్‌ను ఆమె నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా, జానెడు దూరంలో పెట్టాను. ఎదురుగా పెడితే ఊపిరి తగిలి టప్‌టప్‌మని వస్తుంది. పాట మొదలయ్యే ముందు అయిదు సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఊరుకోవాలి. ఆ నిశ్శబ్దం తర్వాత పనికొస్తుంది.

ఆ ఫైలును ఆడాసిటీలో తెరిచాను. ఇది ఉచితం. ముందున్న నిశ్శబ్దాన్ని సెలెక్ట్ చేసి, ఎఫెక్ట్ మెనూలో నాయిస్ రిడక్షన్‌కు వెళ్లి, గెట్ నాయిస్ ప్రొఫైల్ నొక్కాలి. తర్వాత పాట మొత్తం సెలెక్ట్ చేసి అదే నాయిస్ రిడక్షన్ మళ్లీ నడిపితే గది హోరు తగ్గుతుంది. తక్కువ మోతాదులోనే వాడండి. ఎక్కువైతే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటుంది. నాయనమ్మ గొంతులో ఉన్న జీర కూడా పోయింది ఒకసారి. ఆ జీర లేకపోతే అది ఆమె పాటే కాదు, అన్‌డూ కొట్టి సగానికి తగ్గించాను.

చివరికి 48,000 హెర్ట్జ్ రేటులో వేవ్ ఫైలుగా, అంటే శబ్దాన్ని కుదించకుండా, ఎగుమతి చేయండి. ఎంపీ3 ఇప్పుడే చేయకండి. వీడియోలోకి వెళ్లేటప్పుడు శబ్దం ఎలాగూ ఒకసారి కుదించబడుతుంది, ముందే ఇంకోసారి కుదించడం ఎందుకు?

కూర్పు

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వేరేగా అక్కర్లేదు, బ్లెండర్‌లోనే ఉంది. నేను వాడింది 4.2. వర్షన్ మారితే మెనూల పేర్లు కాస్త మారవచ్చు, పని మాత్రం ఇదే. ఫైల్ మెనూలో న్యూ, అందులో వీడియో ఎడిటింగ్ ఎంచుకోండి. యానిమేషన్ చేసిన అసలు ఫైల్లోనే ఈ పని చేయకండి. అందులో స్ట్రిప్‌లు (ఎడిటింగ్‌లో బొమ్మల వరసనూ పాటనూ చూపే పట్టీలు) పెడితే, తర్వాత ఎప్పుడైనా రెండర్ నొక్కినప్పుడు త్రీడీ బొమ్మకు బదులు ఆ స్ట్రిప్‌లే రెండర్ అవుతాయి.

ఏ ఫైలూ తేకముందే అవుట్‌పుట్ ప్రాపర్టీస్‌లో మూడు సరిచూడండి. కొలత 1920, 1080, పక్కన శాతం 100. వేరే కొలత అయితే రెండంకెలూ సరిసంఖ్యలే కావాలి, ఎందుకంటే మామూలు హెచ్.264 (వీడియోను కుదించే ఒక పద్ధతి) వీడియోలో రంగు సమాచారం రెండేసి పిక్సెళ్ల జతలకు ఒకటి చొప్పున దాస్తారు. తర్వాత ఫ్రేమ్ రేట్ 24. తర్వాత ఎండ్ ఫ్రేము 1728. కొత్త ఫైల్లో ఎండ్ 250 అని ఉంటుంది. అది మార్చకపోతే మీ వీడియో పది సెకన్లకే ఆగిపోతుంది.

ఇప్పుడు ప్లేహెడ్‌ను, అంటే ఏ ఫ్రేము దగ్గర ఉన్నామో చూపే నిలువు గీతను, 1వ ఫ్రేము మీద పెట్టండి. యాడ్ మెనూలో ఇమేజ్ సీక్వెన్స్, ఫోల్డర్‌కు వెళ్లి కీబోర్డు మీద A నొక్కితే అన్ని బొమ్మలూ సెలెక్ట్ అవుతాయి, యాడ్ కొట్టండి. ప్లేహెడ్ మళ్లీ 1 మీదే ఉందని చూసుకుని, యాడ్‌లో సౌండ్ ఎంచుకుని వేవ్ ఫైలు తెండి. బొమ్మల స్ట్రిప్ 1,728 ఫ్రేముల పొడవుండాలి, పాట కూడా దాదాపు అంతే. శబ్దం స్ట్రిప్‌కు వేవ్‌ఫామ్ (శబ్దం హెచ్చుతగ్గులను చూపే గీత) కనిపించేలా పెట్టుకోండి. చప్పట్లు ఒక్కొక్కటీ కొండల్లా లేచి కనిపిస్తాయి, కంటితోనే సరిచూడొచ్చు.

ప్రివ్యూ చూసేటప్పుడు ప్లేబ్యాక్ మెనూలో సింక్ టు ఆడియో అని ఎంచుకోండి. లేకపోతే కంప్యూటర్ ప్రతి ఫ్రేమూ చూపించాలని తంటాలు పడి వెనకబడుతుంది, పాట ముందుకు పోతుంది. ఫైలు బాగానే ఉంటుంది, మనకు మాత్రం ఉత్త టెన్షన్. ఇంకో మాట, బ్లూటూత్ స్పీకర్‌తో, బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌తో సింక్, అంటే బొమ్మా శబ్దం కలిసి నడుస్తున్నాయా అన్నది, చూడొద్దు. వాటిలో శబ్దం ఎలాగూ ఆలస్యంగానే వస్తుంది. వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టుకోండి.

చప్పట్లు తప్పినప్పుడు

ఈ భాగం కొంచెం నెమ్మదిగా చదవండి. బొమ్మలకు సొంతంగా కాలం తెలియదు. 0001.పీఎన్‌జీ అనే ఫైలుకు తాను ఎంతసేపు కనిపించాలో ఎక్కడా రాసి లేదు. అది లెక్క మాత్రమే: ఒకటోది, రెండోది, మూడోది. పాట మాత్రం కాలమే. 72 సెకన్ల పాట ఎక్కడ ఆడినా 72 సెకన్లే. ఈ రెంటినీ ముడివేసేది ఒకే ఒక అంకె, ఫ్రేమ్ రేట్. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు స్థిరపడిందే శబ్దం వల్ల. మూకీల కాలంలో వేగం ఒక్కో చోట ఒక్కోలా ఉండేది, 1920ల చివర్లో ఫిల్మ్ మీదే శబ్దం ముద్రించడం మొదలయ్యాక వేగం మారితే గొంతు మారిపోతుంది కాబట్టి ఒకే అంకెకు కట్టుబడ్డారు.

నేను మొదట 25 పెట్టాను. మన దేశంలో టీవీ ప్రసారాలు సెకనుకు 25 ఫ్రేములని ఎక్కడో విన్నాను, అది నిజమే, కానీ నా బొమ్మలు 24 లెక్కన చేసినవి. 1,728 ఫ్రేములు 25 చొప్పున ఆడితే 69.12 సెకన్లకే అయిపోతాయి. మొదట్లో అంతా బాగుంది, అర నిమిషం దాటాక ఆడవాళ్లు పాటకంటే ముందే చేతులు కలిపేస్తున్నారు, చివరికి దాదాపు మూడు సెకన్ల తేడా. 30 పెట్టి ఉంటే 57.6 సెకన్లకే బొమ్మలు అయిపోయేవి. కాబట్టి నచ్చిన అంకె పెట్టకూడదు. యానిమేషన్ చేసిన అసలు ఫైలు తెరిచి, అందులో ఏముందో అదే పెట్టాలి.

అది సరిచేసి నాయనమ్మకు చూపించాను. రెండుసార్లు చూసి అన్నది, "మొదాలు మంచిగనే ఉన్నది బిడ్డా. నడిమిట్ల నుంచి చేతులు ముందే కలుస్తున్నయ్, చప్పుడు వెనుకంగ వస్తున్నది." నాకు అప్పటికీ కనిపించలేదు. ఎనభై ఏళ్ల చెవికి తెలిసింది. 26వ సెకను దగ్గర ఆపి వేవ్‌ఫామ్ చూస్తే నిజమే, అక్కడి నుంచి తేడా ఉంది, చివరిదాకా అంతే తేడా. అప్పుడు లెక్కపెట్టాను, 11 ఫ్రేములు లేవు. 612 ఫ్రేములంటే 25.5 సెకన్లు. లేని ఫ్రేముల చోట ఖాళీ ఉండదు, వెనకున్నవి ముందుకు జరిగిపోతాయి. 11 ఫ్రేములంటే దాదాపు అర సెకను. మేము సగటున 30 ఫ్రేములకో చప్పట పెట్టుకున్నాం, అందులో 11 అంటే మూడో వంతు కంటే ఎక్కువ.

ఆ రోజు నుంచి నేను తప్పును దాని తీరును బట్టి గుర్తుపడుతున్నాను. తేడా మొదట్లో లేక, పోను పోను పెరుగుతుంటే ఫ్రేమ్ రేట్ తప్పు. ఒక చోట ఉన్నట్టుండి మొదలై అక్కడి నుంచి మారకుండా ఉంటే ఫ్రేములు లేవు, లేదా రెండుసార్లు వచ్చాయి. మొదటి చప్పట నుంచే ఒకేలా ఉంటే స్ట్రిప్ తప్పు చోట మొదలైంది. ఈ మూడోది సులువు, శబ్దం స్ట్రిప్‌ను పట్టుకుని జరపడమే.

ఎంత జరపాలి? 24 లెక్కన ఒక ఫ్రేము దాదాపు 42 మిల్లీసెకన్లు. ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఇచ్చిన సిఫార్సులో, శబ్దం బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తేనే మనుషులు పసిగడతారని, వెనక వస్తే 125 దాకా పసిగట్టరని ఉంది. భద్రకాళి చెరువు గట్టున నిలబడి అవతల ఎవరైనా బట్టలు ఉతుకుతుంటే చూడండి. చెయ్యి ముందు దిగుతుంది, చప్పుడు తర్వాత వస్తుంది. శబ్దం ఒక ఫ్రేము కాలంలో సుమారు 14 మీటర్లే వెళ్తుంది. పుట్టినప్పటి నుంచి మన చెవి దీనికి అలవాటు పడింది, చప్పుడే ముందొస్తే మాత్రం వెంటనే ఏదో తేడాగా ఉందనిపిస్తుంది. కాబట్టి ఎటు జరపాలో తేలకపోతే శబ్దం ఒక ఫ్రేము ఆలస్యంగా వచ్చేలా, అంటే కుడివైపుకే, పెట్టండి.

అసలైతే పాట ముందు రికార్డు చేసుకుని, దాన్ని వింటూ ప్రతి చప్పట దగ్గర ఎమ్ నొక్కి మార్కర్లు పెట్టుకుని, ఆ మార్కర్ల మీద చేతులు కలిసేలా యానిమేట్ చేయాలి. మనిషి కొట్టే చప్పట్లు గడియారంలా ఉండవు, ఒకటి 29 ఫ్రేములకు పడితే ఇంకోటి 31కి పడుతుంది. నేను పని మొదలుపెట్టింది అలాగే. రైలు కూత వల్ల పాట మళ్లీ తీయాల్సి వచ్చినప్పుడు, మొదటి పాటను చెవిలో పెట్టుకుని వింటూ పాడమని నాయనమ్మను అడిగాను. ఆమె ఒప్పుకోకపోతే ఈ 1,728 ఫ్రేములకు విలువే లేదు.

బొమ్మ ఆగిపోయాక కూడా చివరి స్వరం కాసేపు సాగితే, బొమ్మల స్ట్రిప్ కుడి అంచును పట్టి లాగండి. చివరి ఫ్రేము అలాగే నిలుస్తుంది. నేను 24 ఫ్రేములు లాగి ఎండ్‌ను 1752 చేశాను. శబ్దం స్ట్రిప్ సెలెక్ట్ చేసి యాడ్‌లో ఫేడ్, ఫేడ్ అవుట్ పెడితే పాట మెల్లగా ఆగుతుంది.

రంగులు, ఆఖరి రెండర్

ప్రివ్యూలో తంగేడు పసుపు వెలిసినట్టు, తెల్లని గునుగు బూడిద పూసినట్టు కనిపిస్తే రెండర్ ప్రాపర్టీస్‌లో కలర్ మేనేజ్‌మెంట్ చూడండి. బ్లెండర్ 4.0 నుంచి త్రీడీ బొమ్మలకు ఏజీఎక్స్ అనే రంగుల మార్పు మామూలుగా వర్తిస్తుంది. మీ పీఎన్‌జీలలో అది ఇప్పటికే కలిసి ఉంది. ఇక్కడ మళ్లీ వేస్తే రెండుసార్లు వేసినట్టు. వ్యూ ట్రాన్స్‌ఫార్మ్‌ను స్టాండర్డ్ చేయండి, అంతే.

అవుట్‌పుట్‌లో ఫైల్ ఫార్మాట్ ఎఫ్ఎఫ్ఎంపెగ్ వీడియో. కింద కంటైనర్ ఎంపెగ్-4, వీడియో కోడెక్ హెచ్.264. క్వాలిటీలో హై ఎంచుకోండి. లాస్‌లెస్ ఎంచుకోవద్దు. పేరు చూస్తే మంచిదే అనిపిస్తుంది, కానీ అందులో రంగుల సమాచారం చాలా ఫోన్లు చదవలేని పద్ధతిలో ఉంటుంది. మా తమ్ముడి ఫోన్లో పాట వినిపించింది, తెర మాత్రం నల్లగా ఉంది.

ఇంకా కిందికి వెళ్తే ఆడియో భాగం. అక్కడ ఆడియో కోడెక్ నో ఆడియో అని ఉంటే, మీరు పాటను ఎంత బాగా కూర్చినా వీడియో మూగగానే వస్తుంది. దాన్ని ఏఏసీ చేయండి, బిట్‌రేట్ 192 ఉంటే చాలు. పైన ఫైలు ఎక్కడికి వెళ్లాలో ఫోల్డర్ కూడా మీరే చెప్పండి. చెప్పకపోతే టెంప్ ఫోల్డర్‌లోకి వెళ్తుంది, వీడియో రాలేదనుకుని వెతుక్కోవాలి. కంట్రోల్ ఎఫ్ 12 నొక్కండి.

వచ్చిన ఫైలును వీఎల్‌సీలో తెరిచి, టూల్స్‌లో కోడెక్ ఇన్ఫర్మేషన్ చూడండి. 24 ఫ్రేములు, హెచ్.264, ఏఏసీ మూడూ కనిపించాలి. నా బొమ్మల ఫోల్డర్ 5 జీబీ దాటింది, వీడియో 60 ఎంబీలోపే వచ్చింది. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి. వీడియోగా పంపితే అది మళ్లీ కుదిస్తుంది, సన్నటి గునుగు పూలన్నీ కలిసిపోయి తెల్లటి ముద్దలా కనిపిస్తాయి.

పండుగ ముందు మా వాడకట్టులో పెద్ద టీవీ పెట్టి, శబ్దాన్ని బయటి ఆంప్లిఫయర్‌కు కలిపి, పెన్‌డ్రైవ్‌తో ఆడించాం. ఇంట్లో సరిగ్గా ఉన్నది అక్కడ మళ్లీ తప్పింది, చప్పుడు ముందొస్తోంది. టీవీ బొమ్మను మెరుగుపరచడానికి కొంత సమయం తీసుకుంటుంది, ఆంప్లిఫయర్ తీసుకోదు. ఆ టీవీలో గేమ్ మోడ్ పెడితే తేడా తగ్గింది, పూర్తిగా పోలేదు. ఇంటికి పరుగెత్తి, శబ్దం ఆలస్యంగా వచ్చేలా దాని స్ట్రిప్‌ను మూడు ఫ్రేములు కుడివైపుకు జరిపి, ఆ టీవీ కోసమే ఇంకో కాపీ చేసి తెచ్చాను. నాయనమ్మ కుర్చీలో ముందుకు వంగి, తెర మీది చేతులతో పాటు తన చేతులూ కలుపుతూ చూసింది. నేను ఆమె చేతులనే చూశాను, ఒక్క చప్పటా తప్పలేదు.